బరంపురం పాత వీధులలో ఠకురాణి యాత్ర: వాచకంలో చోటు దొరకని మన పండుగ



తెలుగు వాచకాలలో పండుగల పాఠం లేని తరగతి అరుదు. సంక్రాంతి పాఠంలో గొబ్బెమ్మలు, గంగిరెద్దులు, హరిదాసు తప్పక కనిపిస్తారు. దసరా పాఠంలో బొమ్మల కొలువు ఉంటుంది. అవి మంచి పాఠాలే. కాని వాటిని వ్రాసినవారి కళ్ళ ముందున్నది గోదావరి, కృష్ణా తీరాల పల్లె. బరంపురంలో తెలుగు చదువుకొనే పిల్లవాడు హరిదాసును బొమ్మలో తప్ప చూచి ఎరుగడు. పాఠం చెప్పేటప్పుడు అక్షయపాత్రను గురించి మనం వివరిస్తూ ఉంటే, వాడు వేరే దేశపు ఆచారాన్ని వింటున్నట్లే వింటాడు. ఆ పిల్లవాడే చైత్రం వచ్చేసరికి, యాత్ర జరిగే ఏడాది అయితే, ముఖానికి పసుపుపచ్చ రంగు, ఒంటిపై నల్లని చారలు వేయించుకొని పులిగా మారి, తల్లి చేయి పట్టుకొని పాత ఊరి వీధులలో నడుస్తాడు. ఆ ఉత్సవానికి మూలాలు తెలుగునేలలో ఉన్నవని వానికి ఎవరూ చెప్పరు. నేను బోధించిన వాచకాలలో దానిని గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ ఉత్సవమే బూఢీ ఠకురాణి యాత్ర. దీని చరిత్రను తరగతిలో చెప్పదగిన విధంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఊరి సంగతి. నేటి బరంపురం మూడున్నర లక్షలకు పైగా జనం ఉన్న నగరం (2011 జనాభా లెక్కలు). కాని యాత్ర జరిగే బరంపురం అది కాదు. పాత బరంపురం అనే చిన్న పట్టణం ఒకటి ఈ నగరం కడుపులో ఇప్పటికీ ఉన్నది. ఇరుకైన వీధులు, ఒకదానినొకటి ఆనుకొన్న ఇళ్ళు, వీధి అరుగులు, పట్టుచీరల దుకాణాలు, అప్పడాలు, ఊరగాయలు అమ్మే ఇళ్ళు. బరంపురం అప్పడమూ, పట్టూ ఒడిశా అంతటా పేరు పొందినవి. ఆ రెండింటి వెనుకా తెలుగు ఇళ్ళ చేతులు ఉన్నవని వేరే చెప్పనక్కరలేదు. ఈ పాత వీధులలో ఒకదాని పేరు దేశిబెహరా వీధి. మన కథకు కేంద్రం అదే.

స్థల చరిత్ర ఇలా చెబుతుంది. పదిహేడవ శతాబ్దంలో ఈ ప్రాంతం మహురి రాజుల ఏలుబడిలో ఉండేది. పట్టు నేయడంలో నేర్పు గల సాలెవారిని ఆ రాజులు రాజమహేంద్రవర ప్రాంతం నుండి పిలిపించి, ఇక్కడ నిలిపారు. అలా వచ్చినవారే దేరా కులస్థులు. వారి పెద్దకు రాజు ఇచ్చిన బిరుదు 'దేశిబెహరా'. బెహరా అనగా కులపెద్ద. ఆ బిరుదు వంశపారంపర్యంగా నిలిచి, చివరకు వీధికి పేరయింది.

ఇక్కడ ఒక మాట. రాజు పిలుపు, వలస, బిరుదు అనే ఈ వృత్తాంతం వంశ పరంపరగా, ఆలయ పరంపరగా వచ్చినది. శాసనాన్ని చదివి చెప్పినట్లు పిల్లలకు చెప్పరాదు. 'పెద్దలు ఇట్లు చెప్పుదురు' అని చెప్పవలెను. అయితే దీనికి బలం చేకూర్చే సాక్ష్యం లేకపోలేదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో, తెలుగు, కన్నడ భాషలు మాట్లాడే దేవాంగ సాలెవారికి ఉన్న ఇతర నామాలను చెబుతూ 'దేరా' అనే పేరును కూడ పేర్కొన్నాడు. 'దేవర' అనే మాట, 'దేరా' అనే మాట ఆ జాబితాలో పక్కపక్కనే ఉండడం గమనింపదగినది. ఇక అంతకంటె పెద్ద సాక్ష్యం మగ్గమే. బరంపురం పట్టుకు 'ఫొడ కుంభ' అంచు ప్రసిద్ధి. గుడి శిఖరాలు వరుసగా నిలిచినట్లు కనబడే ఆ కుంభాల అంచును తెలుగునాట చీరల మీద చూడని ఆడపడుచు ఉండదు. చీరతో పాటు మగవారికి 'జొడ' అనే ధోవతి, ఉత్తరీయాల జతను కూడ ఇక్కడ నేస్తారు. ఈ చీరకు, ఈ జతకు కలిపి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక యాత్ర. ఠకురాణి అన్న మాటకు 'దేవి', 'దొరసాని' అని అర్థం. గంజాం పల్లెలలో ప్రతి గ్రామదేవతా ఒక ఠకురాణియే. బూఢీ అనగా వృద్ధురాలు, పెద్దది. మన మాటలో చెప్పాలంటే 'పెద్దమ్మవారు'. ఆమె గుడి పాత బరంపురంలో ఉన్నది. రెండేళ్ళకొకసారి చైత్రంలో ఆమె గుడి విడిచి దేశిబెహరా వీధికి వస్తుంది. ఎందుకు వస్తుంది? అది ఆమె పుట్టిల్లు గనుక. దేశిబెహరా ఆమెకు తండ్రి. వీధిలో తాత్కాలికంగా వేసిన పందిరి గుడిలో అమ్మవారు మూడు వారాలకు తక్కువ కాకుండా, ఒక్కొక్కమారు నెల రోజుల వరకు ఉండి, మరల గుడికి వెళ్ళిపోతుంది. శుభముహూర్తం చూచి, 'శుభఖుంటి' అని గుంజ పాతడంతో పనులు మొదలవుతాయి. మన పెళ్ళిళ్ళలో పందిరి రాట వేయడం వంటిదే ఇది. పిల్లలకు రాట అనే మాటను నేర్పడానికి ఇంతకంటె మంచి సందర్భం లేదు.

ఉత్సవపు రోజులలో సాయంకాలం దాటాక అమ్మవారు ఘట రూపంలో ఊరేగుతుంది. పూలతో అలంకరించిన ఘటాలను దేరా ఇళ్ళ స్త్రీలు తలపై ఎత్తుకొని వీధి వీధికీ తిరుగుతారు. వాద్యాలు ముందు నడుస్తాయి. జనం గడపల వద్ద నిలిచి మొక్కుతారు. నాకు ఇందులో అన్నిటికంటె విశేషంగా తోచేది స్త్రీలు ఘటాలు మోయడం. పూజ ఏ గర్భగుడిలోనో జరుగుతూ స్త్రీలు వాకిట నిలిచే ఉత్సవం కాదిది. అమ్మవారిని నెత్తిన పెట్టుకొని ఊరు చూపేది ఆడవారే.

ఉత్తరాంధ్ర జాతరలు ఎరిగినవారికి ఇదంతా కొత్తగా ఉండదు. ఘటాల ఊరేగింపు, నియమిత వీధులలో తిరగడం, అమ్మవారిని ఇంటి ఆడపడుచుగా భావించడం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల గ్రామదేవతల సంబరాలలో నిత్యం కనిపించేవే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారిని రాజుల ఇంటి ఆడపడుచుగా కొలుస్తారు. విజయదశమి తరువాతి మంగళవారం నాడు అక్కడ సిరిమానోత్సవం జరుగుతుంది. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యతో మొదలై నెల రోజులు సాగుతుంది. కాలం, నిడివి రెండింటిలోను అది మన యాత్రకు దగ్గర. అంతమాత్రాన 'ఇది అచ్చంగా తెలుగు జాతర' అని చేతులు దులుపుకోరాదు. చైత్ర మంగళవారాలలో దేవిని కొలవడం ఒడియా ఇళ్ళలో నిండుగా ఉన్న ఆచారం. గంజాంలో ఆ నెలలోనే దండనాట జరుగుతుంది. వలస వచ్చిన సాలెవారు తమ ఆచారాన్ని తెచ్చి, అప్పటికే ఇక్కడ ఉన్న దేవతను కూతురుగా చేసుకొన్నారని నా అభిప్రాయం. పరాయి రాజ్యంలో కాలు నిలుపుకోవడానికి బంధుత్వం కలుపుకోవడం కంటె మేలైన ఉపాయం ఏమున్నది?

వేషాల సంగతి చెప్పవలసి ఉన్నది. పిల్లలకు జబ్బు చేసినప్పుడో, సంతానం కోరినప్పుడో తల్లిదండ్రులు 'అమ్మా, వేషం కట్టిస్తాము' అని మొక్కుకొంటారు. మొక్కు తీర్చుకొనే వేళ పిల్లలకు, ఒక్కొక్కప్పుడు పెద్దలకు కూడ, దేవతల వేషాలు, పురాణ పాత్రల వేషాలు కడతారు. పులివేషం వీటిలో ముఖ్యమైనది. తెలుగునాట దసరాకు, పీర్ల పండుగకు కట్టే పులివేషాలను, పగటివేషాలను ఎరిగిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. 'వేషం' అన్న మాట ఒడియాలో 'బెశొ' అవుతుంది. వకారం బకారమయింది. ఇటువంటి జంటలను నల్లబల్ల మీద వ్రాసి చూపితే, వ్యాకరణ పాఠానికి ముఖం చిట్లించే పిల్లలు కూడ తాము ఎరిగిన మాటలు వెదకి తెస్తారు.

మరొక మాట 'రథం'. వాచకంలో రథం అంటే చక్రాలు, గుర్రాలు, సారథి. ఏడవ తరగతి పిల్లలను 'రథం అనగానేమి?' అని అడిగినప్పుడు ఒకడు 'కదలనిది సార్' అన్నాడు. తరగతి నవ్వింది. కాని వాడు చెప్పినది వాని వీధికి సంబంధించి నూటికి నూరుపాళ్ళు సత్యం. యాత్రలో వీధి వీధిలోను పురాణ ఘట్టాలను మట్టిబొమ్మలతో నిలిపి ప్రదర్శిస్తారు. వాటినే ఇక్కడ రథాలు అంటారు. ఒక వీధిలో సముద్రమథనం ఉంటే మరొక వీధిలో గజేంద్రమోక్షం ఉండవచ్చు. రాత్రివేళ కుటుంబాలతో రథాలు చూస్తూ నడవడమే జనానికి యాత్ర. ఎండ తగ్గాక మొదలై అర్ధరాత్రి దాటినా సందడి తగ్గదు. గాజులవారు, మిఠాయివారు, బొమ్మలవారు ఎక్కడెక్కడి నుండో వచ్చి దుకాణాలు పెడతారు. వృత్తులు వేరయి, కొత్త పేటలకు మారిపోయి, పాత ఊరితో సంబంధం తగ్గినవారు కూడ ఆ రోజులలో బంధువుల ఇళ్ళకు వచ్చి ఉంటారు. అమ్మవారు ఒక్కతే కాదు, ఊరి ఆడపడుచులందరూ పుట్టింటికి వస్తారు. కోవిడ్ కారణంగా 2021లో యాత్ర జరగలేదు. 2019 తరువాత మరల 2023లోనే అమ్మవారు పుట్టింటి గడప తొక్కింది. ఆ నాలుగేళ్ళలో బడికి వచ్చిన చిన్నపిల్లలకు యాత్ర అంటే పెద్దలు చెప్పే కథగా మిగిలింది.

ఇక చరిత్రలో మనకు ఇబ్బంది కలిగించే భాగానికి వద్దాము. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో బరంపురంలో తెలుగువారి ప్రాబల్యం ఎక్కువగా ఉండేది. కచేరీలలో, బడులలో తెలుగు చలామణి అయ్యేది. తెలుగువారిలో న్యాయవాదులు, ఉద్యోగులు అధికం. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వేంకటగిరి 1894లో ఈ ఊరిలోనే జన్మించారు. వారి తండ్రి జోగయ్య పంతులు ఇక్కడ పేరు మోసిన న్యాయవాది. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకొంటాము. అదే కాలంలో ఒడియా పిల్లలు తమ భాషలో చదువు లేక, ఒడియావారు కచేరీలో తమ మాట చెల్లక బాధపడ్డారన్నది మాత్రం చెప్పుకోము. 1870లో రసూల్కొండలో, అనగా నేటి భంజనగరంలో, ఒడియావారు సభ పెట్టి తమ భాషా ప్రాంతాల ఏకీకరణను కోరింది ఈ బాధ వల్లనే. 1903లో కటకంలో ఉత్కళ సమ్మేళనం వెలసింది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు గంజాంలో విచారణ జరిపారు. 1931-32లో ఓడనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం పని చేసింది. చివరకు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం అందులో చేరింది. గంజాం జిల్లాకు చెందిన ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం వైపు తాలూకాలు మద్రాసులోనే ఉండిపోయి విశాఖ జిల్లాలో కలిశాయి. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం పొరుగు రాష్ట్రమయింది. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడాన్ని సహించలేక గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు తాము దశాబ్దాలపాటు పని చేసిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

పంతులుగారికి వెళ్ళడానికి ఒక ఊరు ఉన్నది. మగ్గం గుంటలో కూర్చొని పని చేసే సాలెవానికి అట్టి వసతి ఎక్కడిది? అతడు ఇక్కడే ఉన్నాడు. సరిహద్దు మారిన తరువాత కూడ అమ్మవారు అదే వీధికి వచ్చింది. సంస్థానాలు పోయినవి, కంపెనీ వచ్చింది, మద్రాసు పోయింది, కటకం వచ్చింది, తరువాత భువనేశ్వరం వచ్చింది. దేశిబెహరా బిరుదు ఇచ్చిన రాజు లేడు. ఆ బిరుదుతో నడిచే యాత్ర ఉన్నది. ఒడియావారు, తెలుగువారు అనే భేదం లేకుండా ఊరంతా దానిని తమదిగా చేసుకొన్నది. ఇది తెలుగువారు పోగొట్టుకొన్నదని నేను అనుకోను.

పోయినది మరొకటి. యాత్రను నడిపే వీధులలో తెలుగు చదవగల చిన్నపిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. అవ్వ తెలుగులో పిలుస్తుంది, మనుమడు ఒడియాలో బదులు పలుకుతాడు, బడిలో ఇద్దరికీ తెలియని ఇంగ్లీషు. ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 2011 లెక్కల ప్రకారం నూటికి ఒకటిన్నర మందికి పైగా ఉన్నారు. సంఖ్యగా చూస్తే కొన్ని లక్షలు. బడిలో చూస్తే ఒక్కొక్క తరగతిలో చేతివేళ్ళతో లెక్కించవచ్చు.

తల్లిదండ్రులు ఎరిగి ఉండవలసిన నియమాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నిర్ణయం చేసింది. ప్రాథమిక పాఠశాలలో ఒక భాషకు చెందిన పిల్లలు నలభై మందికి తక్కువ కాకుండా ఉన్నా, ఒక తరగతిలో పదిమంది ఉన్నా, ఆ భాషలో బోధించడానికి ఉపాధ్యాయుని నియమించవలెను. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించవలెనని రాష్ట్రాలకు చెబుతున్నది. ఈ నియమం మన పక్షాన ఉన్నది. కాని పదిమంది పిల్లల పేర్లు హాజరు పట్టీలో లేనప్పుడు నియమం ఏమి చేస్తుంది? చేర్పించే వేళ దరఖాస్తులో మాతృభాష అనే గడిలో 'ఒడియా' అని వ్రాసి వెళ్ళిన తెలుగు తండ్రులు నాకు పలువురు తెలుసు. 'తెలుగు అని వ్రాస్తే పిల్లవానికి ఉద్యోగం రాదేమో మాస్టారూ' అని వారి భయం. ఆ భయాన్ని నేను తేలికగా కొట్టివేయను. ఒడియా బాగా రాకుండా ఒడిశాలో బ్రతుకు లేదు. రావలెను. అయితే ఆ గడిలో నిజం వ్రాసినందువల్ల ఒడియా చదువుకు వచ్చే లోటు ఏమీ లేదు. వ్రాయకపోతే మాత్రం తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ, ఖాళీగానే రద్దవుతుంది.

మనవారిలో రెండు పోకడలు కనిపిస్తున్నవి. కొందరు తెలుగు సంఘాల వేదికలెక్కి 'బరంపురం మనది, ఠకురాణి మనది' అంటారు. వారి పిల్లలు తెలుగులో సంతకం చేయలేరు. మరికొందరు 'ఊరి పండుగకు భాష ఏమిటి, ఎందుకీ తవ్వకం' అంటారు. మొదటివారి మాట పొరుగువారిని నొప్పిస్తుంది. రెండవవారి మాట పిల్లలను తమ తాతల పని నుండి వేరు చేస్తుంది. దేవత ఊరందరిదీ. ఆమెకు పుట్టిల్లు ఎలా ఏర్పడింది అన్న కథలో మాత్రం తెలుగు మాట్లాడిన నేతగాళ్ళు ఉన్నారు. ఆ రెండు వాక్యాలూ ఒకే పలక మీద పడతాయి.

బోధనకు ఈ పండుగ ఎంత పనికి వస్తుందో చెప్పి ముగిస్తాను. మన ఉగాది చైత్రశుద్ధ పాడ్యమి. ఒడియావారి కొత్త సంవత్సరం మేష సంక్రాంతి, సాధారణంగా ఏప్రిల్ 14. మనకు అమావాస్యతో నెల ముగుస్తుంది. ఒడిశా పంచాంగంలో పూర్ణిమతో ముగుస్తుంది కనుక వారి చైత్రం మనకంటె పక్షం రోజులు ముందుగా ప్రవేశిస్తుంది. ఉగాది పచ్చడి, మారేడు పండు పానకం రెండూ రుచి చూచే పిల్లలకు తిథులు, పక్షాలు, మాసాలు అనే పాఠం చెప్పడానికి ఇక వేరే ఉపకరణం అక్కరలేదు. ఇరుగు పొరుగు గోడ క్యాలెండర్లు రెండు తెప్పిస్తే చాలు.

ఈ సంవత్సరం ఎనిమిదవ తరగతికి వేసవి పనిగా కొన్ని ప్రశ్నలు ఇచ్చాను. మీ ఇంట్లోగాని, వీధిలోగాని మగ్గం నేసిన పెద్దలెవరు? మగ్గానికి, నూలుకు, అంచుకు, రంగుకు సంబంధించి వారు వాడే మాటలు ఏవి? అమ్మవారు పుట్టింటికి వచ్చిన రాత్రి ఇంట్లో ఏమి వండేవారు? వేషం మొక్కు ఎవరికి, ఎందుకు మొక్కారు? పేర్లు వ్రాయనక్కరలేదు, మాటలు వ్రాయండి. తెలుగు మాట గుర్తు లేకపోతే ఒడియా మాటనే తెలుగు లిపిలో వ్రాయండి అని చెప్పాను. తొమ్మిది నోటు పుస్తకాలు వచ్చినవి. వాటిలో మగ్గానికి సంబంధించిన మాటలు ఇంతవరకు నలభై ఏడు పోగయినవి. ఇందులో పన్నెండు నాకూ కొత్తవే. నిఘంటువులో వెదకుతున్నాను. నేతపని ఎరిగిన పెద్దలు మీ ఊళ్ళలో ఉంటే, ధర్మవరమైనా, ఉప్పాడ అయినా, సేలం అయినా, వారు వాడే మాటలు వ్రాసి పంపండి. పక్కపక్కన పెట్టి చూద్దాము.